మ్యాపులో లేని పైపు

నేలకి కడ్డీ ఆనించి విన్న చప్పుడు దగ్గర కిందటి వారం వాల్వక్కని వదిలేశాం. మరిచిపోయినవాళ్ల కోసం నాలుగు ముక్కలు. మిట్టవీధిలో నాలుగు వందల ఇళ్లకి ఇరవై మూడు రోజులుగా చుక్క నీరు ఎక్కడం లేదు. పెద్ద ట్యాంకు దగ్గర మీటరు వంద పాళ్లు బయల్దేరాయంటుంది. మిట్ట మొదట్లో ఉన్న మీటరు అరవయ్యే చేరాయంటుంది. మధ్యలో నలభై పాళ్లు ఏమైనట్టు? ఆ లైను మీద వాల్వులు తిప్పేది వాల్వక్క ఒక్కతే. కాబట్టి ట్యాంకర్ల వాళ్లకి దొంగచాటుగా వదులుతున్నది ఆవిడేనని ఆఫీసులో గుసగుసలు పుట్టాయి, పెరిగాయి, ఇంజనీరమ్మ చెవిదాకా వెళ్లాయి. "రేపు సాయంత్రం అయిదులోగా ఆ నీళ్లెటు పోతున్నాయో చూపించండి. లేదంటే మీ వాల్వు కీ తెచ్చి నా బల్ల మీద పెట్టండి" అందావిడ.

ఆ రేపు ఇవాళే. పొద్దున చెప్పుల షాపు మూల మీద, మ్యాపులో ఉత్త రోడ్డు తప్ప మరేమీ లేని చోట, వాల్వక్క వినే కడ్డీ ఒక కొస నేలకీ, రెండో కొస చెవికీ ఆనించింది. కింద నీళ్లు పరిగెడుతున్నాయి.

ఆఫీసుకి పోలేదామె. నేరుగా ఇంటికొచ్చింది.

వరండాలో మామగారు కిటికీ వెలుగుకి వీపు పెట్టి కూర్చుని, పాత చెప్పు అడుగులోంచి కుళాయి వాషర్లు కోస్తున్నాడు. పెద్ద ఫిట్టరు అంటే ఊళ్లో తెలియనివాళ్లు లేరు. రిటైరై తొమ్మిదేళ్లయినా ఎవరింట్లో కుళాయి కారినా ఆయనకే కబురొస్తుంది. వాల్వక్కకి వాల్వు తిప్పడం, పైపు వినడం, నీళ్లు రాని వీధిలోవాళ్లు తిట్టే తిట్లు ఒక చెవితో విని రెండో చెవితో వదిలేయడం, అన్నీ నేర్పింది ఆయనే.

"ఏంటమ్మా, ఇంత తొందరగా వచ్చేశావ్? మిట్టవీధి వంతు ఒంటిగంట దాకా ఉందిగా?"

"ఉంది మామయ్యా. నీళ్లు లేని వంతుకి నా కాపలా ఎందుకు?"

భుజం మీది ఇనపకీ గోడకి ఆనించి, సంచిలోంచి మ్యాపు తీసి ఆయన ఒళ్లో పరిచింది. మడతల దగ్గర చిరిగిపోతే టేపు అంటించిన మ్యాపు. దాని కింద వాషర్లు, కత్తి, చెప్పు ముక్కలు అన్నీ కప్పబడిపోయాయి.

"ఇది గీసినప్పుడు మీరు పక్కనే ఉన్నారు కదూ?"

"పక్కనుండటమేంటి? టేపు ఒక కొస పట్టుకున్నది నేనే. రెండో కొస డ్రాఫ్ట్స్‌మన్ పట్టుకున్నాడు. ఆయనకి ఎండ పడదు. గంటకోసారి నీడకి పోయి కూర్చునేవాడు. అందుకే దక్షిణం వైపు లైన్లన్నీ కాస్త వంకరగా ఉంటాయి."

మామూలప్పుడైతే ఆమె నవ్వేది.

"చెప్పుల షాపు మూల కింద ఏముంది?"

"ఏముంటుంది? మట్టి."

"మట్టి పారుతుందా మామయ్యా?"

మ్యాపు కింద ఆయన చేతులు కదలడం మానేశాయి.

"కడ్డీలో లారీ చప్పుడు కూడా నీళ్ల చప్పుడులాగే ఉంటుంది. నీకు మొదటి రోజే చెప్పాను."

"చెప్పారు. లారీ చప్పుడు వచ్చి పోతుందనీ, నీళ్ల చప్పుడు ఊపిరిలాగా ఆగకుండా ఉంటుందనీ కూడా చెప్పారు. పావుగంట విన్నాను. ఆగలేదు."

"పాత ఊరన్నాక పాత పైపులు సవాలక్ష ఉంటాయి. ఎవడు వేశాడో, ఎప్పుడు వేశాడో..."

"మీకు తెలీకుండా ఈ ఊళ్లో పైపు వేసిన మగాడున్నాడా?"

ఆ మాట ఆమె ఇంతకుముందు ఎన్నోసార్లు, నలుగురి ముందు, గొప్పగా అన్నదే. ఇవాళ మాత్రం అది నిలదీసినట్టు వినిపించింది. ఆమెకే వినిపించింది. పెద్దాయన ముఖం పక్కకి తిప్పుకున్నాడు.

వాల్వక్క ఆయన ఎదురుగా నేల మీద చతికిలబడింది.

"మామయ్యా, సాయంత్రానికి నా ఉద్యోగం పోతుంది. పోతే పోనివ్వండి. దొంగ అనిపించుకుని పోతుంది. మీ అబ్బాయి డిపోలో తలెత్తుకుని పనిచేసుకోలేడు. మా అక్క బిందె మోసుకుంటూ మిట్టెక్కబోయి పడి చెయ్యి విరగ్గొట్టుకుంది. టైలరుకి చెయ్యి పోతే ఏముంటుంది? అక్క కూడా నాతో ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది. మీరు ఎవర్ని కాపాడుతున్నారో నాకు తెలీదు. నన్ను మాత్రం కాదు."

పెద్దాయన మ్యాపు మడిచి పక్కన పెట్టాడు.

"అది నేనే వేశానమ్మా" అన్నాడు పెద్ద ఫిట్టరు.

అనేశాక ఆయనకి ఆగడం చేతకాలేదు. ముప్పై ఒక్క ఏళ్లుగా దాచిన మాట అది.

అప్పుడు చెప్పుల షాపు వెనక సందులో కాన్పుల ఆస్పత్రి ఉండేది. ఆ వేసవిలో దాని బోరు ఎండిపోయింది. కనెక్షను కావాలని కాగితం పెట్టారు. ఆ కాగితం ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదికి నాలుగు నెలలు తిరిగింది. ఈలోగా లోపల ఒక్క బకెట్టు నీళ్లలో నర్సులు పొద్దుణ్నించి సాయంత్రం దాకా చేతులు కడుక్కునేవాళ్లు.

"మీ అత్తయ్య అక్కడే కంది. మీ ఆయనకి మూడేళ్లప్పుడు. ఆడపిల్ల. బొద్దుగా, గట్టిగా ఏడ్చేది. పదకొండో రోజున బొడ్డు దగ్గర చీము పట్టి పోయింది. శుభ్రం లేక అన్నారు డాక్టరమ్మ. నా ముఖం చూసి, నువ్వు నీళ్ల డిపార్ట్‌మెంటే కదా అన్నారు. అంతే అన్నారు."

వాల్వక్కకి పెళ్లై పన్నెండేళ్లయింది. తనకొక ఆడపడుచు ఉండేదని ఈ ఇంట్లో ఎవరూ, ఏనాడూ, నోరు జారి కూడా అనలేదు.

"మరుసటి వారం ఆఫీసు వాళ్లు సమ్మె చేశారు. తలుపులు మూసేశారు. నేనూ, ఇద్దరు కూలీలూ కలిసి నాలుగంగుళాల లైను తీసుకెళ్లి మెయినుకి కలిపేశాం. పట్టపగలు. యూనిఫాం వేసుకుని రోడ్డు తవ్వేవాణ్ణి ఎవరూ అడగరమ్మా. పైగా పక్కకి జరిగి దారిస్తారు." నవ్వబోయి ఆగిపోయాడు. "మ్యాపులోకి ఎక్కిస్తే ఉద్యోగం పోతుంది. ఎక్కించలేదు. ఆస్పత్రి కొత్త బిల్డింగుకి మారిపోయినప్పుడు ఆ పెరట్లో పైపు మూతికి బిరడా బిగించి వచ్చేశాను. రోడ్డు మీది వాల్వు మాత్రం మూయలేదు. మూయాలంటే నలుగురి ముందు బండ ఎత్తాలి. ఇదేంటని అడుగుతారు. అలాగే వదిలేశాను."

"ఆ బిరడా ఎవరో తీశారు మామయ్యా. ఇరవై మూడు రోజుల కిందట."

ఆయన లేచి చొక్కా తొడుక్కున్నాడు. గుండీలు ఒకటి వదిలి ఒకటి పెట్టుకున్నాడు. వాల్వక్క ఆయన్ని ఆపి సరిచేసింది. బయల్దేరుతూ ఇంజనీరమ్మకి ఫోను చేసి, "చెప్పుల షాపు మూలకి రండి మేడమ్, చూపిస్తాను" అని మాత్రం చెప్పింది.

*

చెప్పులాయన తన షాపు మెట్టు కింద వాల్వు గది ఉందంటే ముందు నమ్మలేదు. "ఇరవై అయిదేళ్లుగా ఈ బండ మీద కాలు పెట్టి లోపలికెళ్తున్నాను, నాకు తెలీకుండా కింద ఎవరు కాపురం పెట్టారు?" అంటూనే గడ్డపార అందించాడు. బండ కదిలాక ఎర్రటి తడి మట్టి, దాని కింద ఇటుకల గుంట, ఆ గుంటలో తుప్పుతో రెండింతలు లావెక్కిన వాల్వు తల కనిపించాయి. పెద్ద ఫిట్టరు దాన్ని గుర్తుపట్టిన చూపు చూసి వాల్వక్క తల తిప్పుకుంది.

కీ దించి తిప్పడం మొదలెట్టింది. మొదటి చుట్టు కదలడానికే యూనిఫాం చొక్కా చెమటకి తడిసిపోయింది. మూడు, నాలుగు, అయిదు. నాలుగంగుళాల వాల్వు మూతపడటానికి పద్నాలుగు చుట్లు కావాలి. పదకొండు దగ్గర మొరాయించింది. మామగారు వచ్చి ఆమె చేతుల పక్కన తన చేతులు వేశాడు. ఇద్దరూ మాట్లాడుకోకుండా తోశారు. పన్నెండు. పదమూడు. పద్నాలుగు.

పెద్దాయన కడ్డీ చెవికి పెట్టుకున్నాడు.

"ఆగింది" అన్నాడు.

ఆరు నిమిషాలు గడిచాయి. ఆమె ఫోను మోగింది. అక్క. ఆ చివర మాటల కంటే ముందు గోల వినిపించింది. బిందెల చప్పుడు, పిల్లల అరుపులు, ఎవరో ఎవర్నో లైన్లో నిలబడమని తిట్టడం.

"వచ్చిందే! ముందు కుళాయి పాతికసార్లు దగ్గింది. తర్వాత ఎర్రగా వచ్చింది. ఇప్పుడు తెల్లగా, ఇంత లావు ధార! ఏం చేశావే తల్లీ?"

"పట్టుకోండక్కా. మాట్లాడకుండా ముందు పట్టుకోండి" అంది వాల్వక్క.

ఇంజనీరమ్మ జీపు ఆగేసరికి వాల్వక్క ఇంకా ఫోను పట్టుకునే ఉంది. ఇంజనీరమ్మ మూడేళ్ల కిందట చదువు పూర్తిచేసి, ఆర్నెల్ల కిందట ఈ ఊరికొచ్చిన పిల్ల. దిగి, గుంటలోకి తొంగి చూసి, చేతిలో ఉన్న మ్యాపు చూసి, మళ్లీ గుంట చూసింది.

"ఇది ఇక్కడ లేదే."

"లేదండి" అన్నాడు పెద్ద ఫిట్టరు. "వేసింది నేను. దాచింది నేను. మా కోడలికి గంట కిందటి దాకా తెలీదు. రాసుకోండి."

ఆమె రాసుకోలేదు. పెద్దాయన్ని కాసేపు చూసి, వాల్వక్క వైపు తిరిగింది. "నిన్న నేనన్న మాటలు..." అంటూ మొదలెట్టింది.

ఆ మాట పూర్తి కాలేదు. వెనక సందులోంచి ఒక నర్సు పరిగెత్తుకుంటూ వచ్చింది. చెప్పుల్లేవు. చేతులకి తొడుగులు అలాగే ఉన్నాయి.

"నీళ్లు ఎవరు ఆపారు? ఎవరండీ ఆపింది?"

గుంటలో నిలబెట్టిన కీ చూసి ఆవిడకే అర్థమైంది.

"తెరవండి! పాత ఆస్పత్రి బిల్డింగులో డయాలసిస్ పెట్టి నెల కూడా కాలేదు. తొమ్మిది మంది మిషన్ల మీద ఉన్నారు. రక్తం బయటికి తీసి కడిగి లోపలికి పంపుతాం. కడగడానికి నీళ్లే కావాలి. ఒక్కొక్కరికి డ్రమ్ముడు నీళ్లు."

"కనెక్షను ఎవరిచ్చారు మీకు?" అంది ఇంజనీరమ్మ.

"పెరట్లో పైపుంది, ప్లంబరు బిరడా తీస్తే నీళ్లొచ్చాయి. గవర్నమెంటు పైపే అనుకున్నాం. అవన్నీ తర్వాత అడగండి మేడమ్! పైన ట్యాంకులో ఇరవై నిమిషాలకే ఉన్నాయి. మధ్యలో దింపేద్దామంటే ముగ్గురు కిందటి వంతు కూడా తప్పినవాళ్లు. ఒళ్లంతా వాచిపోయి వచ్చారు. ఇవాళ కూడా సగంలో ఆపితే ఇంటికి నడిచి వెళ్లరు."

వాల్వక్క ఇంజనీరమ్మ ముఖం చూసింది. ఇంజనీరమ్మ తల ఊపింది. "తెరవండి. మిట్టవీధి సంగతి తర్వాత ఆలోచిద్దాం."

తర్వాత. మిట్టవీధి వాళ్లు ఇరవై మూడు రోజులుగా విన్న మాట. అయినా వాల్వక్క కీ పట్టుకుంది. ఎడమవైపు తోసింది. కదల్లేదు. మామగారు చెయ్యి వేశాడు. చెప్పులాయన కూడా వేశాడు. ముగ్గురూ ఒళ్లు బిగించి తోశారు.

లోపల ఎక్కడో టక్కుమంది.

ఆ తర్వాత కీ చాలా తేలిగ్గా తిరిగింది. చంటిపిల్ల వేలితో తిప్పినా తిరిగేంత తేలిగ్గా. ఒక చుట్టు, రెండు, అయిదు. కింద మాత్రం నీటి చప్పుడు లేదు.

"వాల్వు కాడ విరిగింది" అన్నాడు పెద్ద ఫిట్టరు. "నీళ్లకి అడ్డంగా దిగే లోపలి పలక మూసుకున్నది మూసుకున్నట్టే ఉండిపోయింది. ఇక పైనుంచి తెరవలేం."

ఇంజనీరమ్మ అప్పటికే ఫోన్లో ఉంది. ట్యాంకర్లన్నీ ఊరి అవతలి కొసన ఉన్నాయి. అన్నిటికంటే దగ్గరున్నది రావడానికి ముప్పావుగంట.

"ఇంకో దారి లేదా?" అంది నర్సు. ఆవిడ ఎవర్ని అడుగుతోందో ఆవిడకే తెలీదు.

"ఉంది" అన్నాడు పెద్దాయన. "వాల్వు మూత విప్పి, పలక చేత్తో బయటికి లాగేసి, మళ్లీ మూత బిగించాలి. నాలుగు బోల్టులు. పది నిమిషాల పని. కానీ మెయిను నిండా నీళ్లుండగా మూత విప్పితే గుంటలో ఉన్నవాడు మళ్లీ పైకి రాడు. ముందు మెయిను కట్టేయాలి."

మెయిను కట్టేస్తే మిట్టవీధిలో ధార ఆగిపోతుంది. అదొక్కటే కాదు. పలక తీసేశాక ఈ దారిని మూయడానికి ఇంకేమీ మిగలదు; మిషన్లకి రోజూ నీళ్లు కావాలి కాబట్టి పెరట్లో బిరడా కూడా మళ్లీ బిగించలేరు. కొత్త వాల్వు వచ్చేదాకా నలభై పాళ్లు మళ్లీ ఇటే పోతాయి, మిట్టెక్కే బలం మళ్లీ ఉండదు. కొత్త వాల్వు ఎప్పుడొస్తుందో ఆ ఊరి ఆఫీసు తెలిసినవాళ్లెవరూ ఊహించడానికి కూడా సాహసించరు. అవన్నీ పెద్దాయన చెప్పలేదు. కోడలికి చెప్పాల్సిన పనీ లేదు.

"బోల్టులకి నూనె పోస్తూ ఉండండి మామయ్యా" అంది వాల్వక్క. కీ భుజానికెత్తుకుని మెయిన్ వాల్వు వైపు పరిగెత్తింది.

ఆ వాల్వున్న మూడు దారుల కూడలి అక్కడికి రెండు వందల అడుగులు. సగం దూరంలోనే ఆమెకి జనం కనిపించారు. ఆడవాళ్లు. ముప్పై, నలభై మంది. తడి చీరలు, మోకాళ్ల దాకా తడి. మిట్ట మీంచి దిగొచ్చారు. నీళ్లొచ్చాయన్న సంతోషం ఇంకా ముఖాల్లో ఉంది, దాని పక్కనే భయం కూడా ఉంది. ఇన్నాళ్లూ ఈ కూడలిలో ఆమె కీ తిప్పడం చూసినవాళ్లే. నీళ్లు ఎక్కడ ఆగుతాయో వాళ్లకి బాగా తెలుసు.

మెయిన్ వాల్వు ఇనప మూత మీద, కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని, బాసింపట్టు వేసుకుని అక్క కూర్చుంది.

"కాపలాకొచ్చామే" అంది నవ్వుతూ. "నీకు పై నుంచి ఎవరో ఫోన్ చేసి ఆపమంటారేమోనని. ఇవాళ ఎవరు చెప్పినా ఆపనివ్వం."

"అక్కా, లే."

చెల్లెలి ముఖం చూసి అక్క నవ్వు ఆగిపోయింది. "ఎందుకు?"

వాల్వక్క చెప్పింది. ఆయాసంతో, ముక్కలు ముక్కలుగా, తొమ్మిది మంది, మిషన్లు, విరిగిన వాల్వు కాడ. ఆడవాళ్లు దగ్గరికి జరిగారు. ఎవరో వెనక నుంచి "అబద్ధం" అన్నారు. ఇంకెవరో "ఊరుకోవే" అన్నారు.

"తొమ్మిది మందా" అంది అక్క నెమ్మదిగా. "మా వీధిలో ఎంతమంది ఉన్నారో నీకు తెలుసు. నువ్వు పుట్టిన వీధే. ఎదురింటి ముసలావిడ మురికినీళ్లు తాగి నాలుగు రోజులుగా మంచం మీదే ఉంది. ఇరవై మూడు రోజుల్లో మాకోసం ఒక్కరైనా నిమిషాలు లెక్కపెట్టారా?"

వాల్వక్క కీ భుజం మీంచి దించింది.

"సరే. మూస్తే మళ్లీ ఎప్పుడు తెరుస్తావ్? నాకు చెప్పు. నువ్వు చెప్తే నమ్ముతా."

'అరగంటలో' అనొచ్చు. నాలుక చివరిదాకా వచ్చింది. అలా అంటే అక్క లేస్తుంది. అందరూ లేస్తారు. రేపటి సంగతి రేపు చూసుకోవచ్చు. ఆమె కీ కొస నేలకి ఆనించి, ఆ కట్టు కట్టిన చెయ్యి చూసింది.

"తెలీదక్కా" అంది. "మెయిను అరగంటలో తెరుస్తాను. కానీ మీ దాకా ఎక్కవు. కొత్త వాల్వు వేసేదాకా ఎక్కవు. అదెప్పుడో నాకు తెలీదు."

గుంపులో కలకలం లేచింది. ఒకావిడ వచ్చి అక్క పక్కన మూత అంచు మీద కూర్చుంది. ఇంకొకావిడ వాల్వక్క చేతిలోని కీ పట్టుకుంది. గుంజలేదు, వదల్లేదు కూడా.

ఫోను మోగింది. కొత్త నంబరు. ఇంజనీరమ్మ తన నంబరు ఇచ్చినట్టుంది. స్పీకరు నొక్కకుండానే నర్సు గొంతు అందరికీ వినిపించింది. "ట్యాంకు సగానికి వచ్చేసిందండీ. ఎంతసేపు? వీళ్లు అడుగుతున్నారు. ఏం చెప్పమంటారు?"

ఆడవాళ్లందరూ ఫోను వైపు తిరిగారు.

అక్క బాగున్న చెయ్యి ముందుకి చాపింది.

"ఆ ఫోను ఇటివ్వు" అంది. "ఆ మిషన్ల మీదున్నవాళ్లతో నేను మాట్లాడాలి."